ఇంటికొకరు

ఎన్నికల కార్యాలయం, మెట్ల పక్క గది
వానలు మొదలైన వారం

అక్కా,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఫోనులో నువ్వు ఒక చేత్తో కూర కలుపుతూ మాట్లాడతావు. నేను సగం విని సరే సరే అంటాను. ఇది అలా తేలే సంగతి కాదు. కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదే చెప్పు.

మొన్నటి వార్డు ఎన్నికలో ఓట్లు బాగా తగ్గాయి. ఆ పాడు జ్వరం వచ్చిపోయాక జరిగిన మొదటి ఎన్నిక కదా, ఎందుకు తగ్గాయో రాసి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని నా నెత్తిన పడింది. మా పెద్దసారు అయితే కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. "భయమయ్యా, భయం. జనం గుంపులోకి రావడానికి జంకుతున్నారు. రెండు ముక్కలు రాసి పడెయ్."

నేనూ అలాగే రాసి పడేసేవాణ్ణి. కానీ బూత్‌లవారీగా చూస్తుంటే పొంతన కుదరడం లేదు. రేవు వైపు వీధుల్లో ఇంటింటా మనుషులు పోయారు. అక్కడ ఓట్లు పెరిగాయి. మీ వీధిలో పోయినవాళ్లు తక్కువ. అక్కడ ఓటు వేసినవాళ్లు మూడో వంతు కూడా లేరు. భయమే కారణమైతే ఇది తారుమారుగా ఉండాలి కదా?

ఇంకో సంగతి. సగం మంది కూడా రాని బూత్‌లను పక్కవాటిలో కలిపేయాలని ఇక్కడ ఆలోచన నడుస్తోంది. మీ వీధి చివర బడిలో ఉన్న బూత్ వాటిలో ఒకటి. చలికాలంలో పెద్ద ఎన్నిక వస్తుంది. అప్పుడూ ఇంతే అయితే మీ బూత్ ఎత్తేసి పెద్దరోడ్డు అవతల గోదాములో పెడతారు. మీ అత్తగారి లాంటివాళ్లు ఇక ఓటు మాట మర్చిపోవాల్సిందే. రోడ్డు దాటే ఆ వంతెన మెట్లు ఎక్కి దిగడం ఆవిడ మోకాళ్లతో అయ్యే పనేనా?

కాస్త కనుక్కో. నువ్వు కూరగాయలవాణ్ణి నిలదీసినట్టు నిలదీస్తే ఎవరైనా చెప్పేస్తారు.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
బట్టలు ఆరని రోజు

బుల్లి తమ్ముడికి,

జుట్టు నెరిసినా నాకు బుల్లివాడివే. ఈ ఉత్తరం మీ పెద్దసారు చూసేచోట పెట్టకు.

నీది రెండుసార్లు చదివాను. మొదటిసారి నీకు ఎక్కడో పొరపాటు జరిగిందనిపించింది. రెండోసారి చదివాక ఖాయమైంది. మా వీధి ఓటు వేయలేదని ఎవరయ్యా నీకు చెప్పింది? ఆ రోజు వరసలో నేనూ నిలబడ్డాను. నా ముందు దర్జీ, నా వెనక మూలింటి టీచరమ్మ. ఆ వెనక పైవాటా వాళ్లు, మంచాలు అల్లే ఆయన, అందరూ. ఇళ్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా మనసులో అనుకుంటూ చూశాను, అది నా అలవాటు. ఒక్క ఇల్లు తప్పలేదు.

అయినా నీ మాట తీసేయలేక వెళ్లి అడిగాను. దర్జీ మిషను మీంచి తలెత్తలేదు.

"ఏమండీ, మొన్న మీరు ఓటు వేశారు కదా?"

"మీ ముందే కదా వదినా వేసింది! నా చొక్కాకి గుండీ లేదని మీరే అన్నారు, వరసంతా పళ్లికిలించారు."

"మన వీధిలో ఓట్లు తక్కువట."

"ఆ యంత్రం మింగేసి ఉంటుంది. దానికీ ఆకలుంటుందిగా."

టీచరమ్మని అడిగితే ఆవిడకి కోపం వచ్చింది. "జ్వరం తగ్గి నాలుగడుగులు వేయలేని రోజుల్లోనే బజారు పని చేసినదాన్ని, ఓటుకి రాకుండా ఉంటానా?" అంది. ఇలా ఎవర్ని అడిగినా మా ఇంటి నుంచి వచ్చామనే చెప్పారు. కాబట్టి మీ లెక్క ఇంకోసారి చూసుకోండి.

అది సరే, రేవు వైపు ఎందుకు పెరిగాయో రాయకుండా వదిలేశావేం? అంతమంది పోయిన చోట జనానికి ఓటు మీదకి మనసెలా పోయింది? నాకు పొద్దుటినుంచీ అదే ఆలోచన.

అత్తగారికి గోదాము సంగతి చెప్పలేదు. ఈమధ్య ఆవిడ నాతో మాట తగ్గించారు. వానకి మోకాళ్లు సలుపుతున్నాయి కాబోలు.

అక్క


ఎన్నికల కార్యాలయం, అదే గది, ఇప్పుడు పైకప్పు కారుతోంది

అక్కా,

ఇళ్లు ఓటు వేయవే తల్లీ, మనుషులు వేస్తారు. మా లెక్క మళ్లీ చూశాను, పక్కగది గుమాస్తా చేత కూడా చూపించాను. తప్పు లేదు. యంత్రానికి ఆకలీ లేదు, దర్జీగారితో చెప్పు.

నీ ప్రశ్న నన్నూ పట్టుకుంది. ఆదివారం రేవు వైపు వెళ్లాను. అక్కడ పడవలకి రంగులు వేసే ఒకావిడ ఉంది. భర్త జ్వరంలో పోయాడు. బ్రష్షు కడుక్కుంటూ చెప్పింది. "ఆయనకి ఊపిరి ఆడక కొట్టుకుంటుంటే వార్డు మెంబరుకి ఫోను మీద ఫోను చేశాను బాబూ. ఎత్తలేదు. నేను అంతకుముందు ఓటు మొహం చూసినదాన్ని కాదు. ఈసారి తెల్లారకుండానే పోయి నిలబడ్డా. మా వాడంతా అదే కసి." అంటే చావు అక్కడ మనుషుల్ని బయటకి తెచ్చింది. వార్డు మెంబరు మట్టికరిచాడు.

మరి మీ వీధి? కసి లేదు, భయం లేదు, అందరూ వేశామంటున్నారు, ఓట్లు మాత్రం లేవు. నేను ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు.

ఒక్కటే అడుగుతాను, దాటేయకు. మీ ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి. ఎన్ని పడ్డాయి?

తమ్ముడు


ఇల్లు, వంటగది
మీ బావ నిద్రపోయిన మధ్యాహ్నం

తమ్ముడూ,

ఒకటి.

నీ ప్రశ్న చదివి పెద్దగా నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నా ఒక్కదాని ఓటే పడింది. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకే తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఆలోచిస్తుంటే ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

జ్వరం రోజుల్లో మా వీధిలో ఇంటికొకరు అని కట్టుబాటు పెట్టుకున్నాం, నీకు చెప్పాను. ఆస్పత్రి నర్సమ్మ మా గుమ్మంలో నిలబడి, "ఇంటికి ఒక్కరే బయట తిరగండమ్మా, జ్వరం వచ్చి తగ్గినవాళ్లయితే మరీ మంచిది. మిగతావాళ్లు గడప దాటొద్దు" అంది. నేనూ దర్జీ తలుపు తలుపూ కొట్టి అందర్నీ ఒప్పించాం. మా ఇంటికి నేను బయటిమనిషిని. మందులకీ నేనే, నీళ్ల ట్యాంకరుకీ నేనే, బ్యాంకుకీ నేనే. ఏ ఇంటి తరఫున ఎవరు వస్తారో నాకు కంఠతా వచ్చేసింది. వరసలో దర్జీ కనిపిస్తే దర్జీ ఇల్లు వచ్చేసినట్టే లెక్క. రేవు వైపు పోయినట్టు మా వీధిలో మనుషులు పోలేదంటే అదే కారణం. ఆ మాట ఇప్పటికీ తలెత్తుకునే చెబుతాను.

తర్వాత జ్వరం పోయింది. మీ బావ ఆఫీసుకి వెళ్తున్నారు, చిన్నది కాలేజీకి వెళ్తోంది. కానీ వరసలో నిలబడే పని ఏదైనా సరే, అది బయటిమనిషిదే. పెట్టేటప్పుడు అందరి తలుపులూ కొట్టాం. ఇక అక్కర్లేదు అని చెప్పడానికి ఎవరి తలుపూ కొట్టలేదు.

ఓటు రోజున గొడుగూ సంచీ తీసుకుని బయల్దేరాను. ఓటేశాను, వస్తూ పాలు తెచ్చాను. మీ బావ "అయిందా?" అన్నారు. "అయింది" అన్నాను. కరెంటు బిల్లు కట్టొచ్చినప్పుడు కూడా మేం సరిగ్గా ఇలాగే అనుకుంటాం.

నిన్న అత్తగారి గదిలోకి వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

"అత్తయ్యా, మొన్న ఓటు రోజని మీకు తెలుసా?"

"మర్నాడు పేపర్లో చూశాను. నా ఓటు కూడా పాలపాకెట్లతో పాటు సంచీలో వేసుకొచ్చావేమో అనుకున్నా."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ఆస్పత్రిలో మీ మామగారిని ఆఖరిసారి చూడటానికీ నువ్వే వెళ్లావు. 'చూశాను అత్తయ్యా, ప్రశాంతంగా ఉన్నారు' అని వచ్చి చెప్పావు. నా చూపు కూడా నువ్వే చూసొచ్చావు. సరేలే, రోజులు అలాంటివి, నేనూ తలూపాను. ఇప్పుడేం రోజులొచ్చాయమ్మా? ఇంకా నా తరఫున నువ్వేనా?"

వానకి మోకాళ్లు అని నీకు రాశాను చూడు. మోకాళ్లు కాదు.

అక్క

మామయ్యా, నేను చిన్నదాన్ని. కవరు అతికించమని అమ్మ ఇస్తే చదివేశాను. నాకు ఓటు వచ్చింది ఈ ఏడే. ఆ రోజు నేను మంచం మీద దొర్లుతూ ఫోను చూసుకుంటున్నాను. వెళ్లాలని తట్టనే లేదు, అమ్మ వెళ్లిందిగా అనుకున్నా. ఇది కూడా నీ నివేదికలో రాసుకో. అమ్మనొక్కదాన్నే అనకు.


ఎన్నికల కార్యాలయం
వానలు వెనకపట్టాక

అక్కకీ, కవర్లు చదివే మేనకోడలికీ,

మీ ఇద్దరి ఉత్తరం పట్టుకుని నేను ఊరంతా తిరిగాను. ఇలా కట్టుబాటు పెట్టుకున్న వీధులు ఇంకా ఉన్నాయేమోనని ఆస్పత్రి నర్సుల్ని అడిగాను. తూర్పు వైపు రెండు దొరికాయి. వాటి లెక్క తీశాను. రెండు చోట్లా అంతే. ఇంటికొక ఓటు, ఎక్కువ లేదు, తక్కువ లేదు. అక్కడా అడిగితే అందరూ వేశామనే అంటున్నారు! వాళ్లు అబద్ధమాడటం లేదే అక్కా. నీలాగే వాళ్లకీ తెలియదు.

అంతా రాసి పెద్దసారుకి ఇచ్చాను. చదివి కళ్లజోడు తీశారు.

"ఏమయ్యా, పైకి పంపే నివేదికలో మీ అక్కగారి వంటింటి కబుర్లు రాస్తావా? జాగ్రత్తగా బతికినవాళ్లే ఓటు వేయలేదు, చచ్చినచోట ఎగబడి వేశారు అంటే నన్ను చూసి నవ్వరూ?"

"నవ్వినా నిజం సార్."

"నిజమైతే పెళ్లాంపిల్లలకి చెప్పుకో. ఇక్కడ భయం అని రాయి."

భయం అనే రాసి పంపారు. మీ బూత్ మాత్రం ఎత్తేసే వాటిలోనే ఉంది. చలికాలంలో సగం దాటితే ఉంటుంది, లేకపోతే గోదాము.

పెద్ద ఎన్నికకి మీ వైపు జ్వరం ఆస్పత్రి డాక్టరుగారు, లారీల ఆయన, ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడుతున్నారట. ఆఫీసువాణ్ణి, ఎవరికి వేయాలో నా నోట రాకూడదు. వేయండని మాత్రం ఎవరికైనా చెప్పొచ్చు. తలుపులు కొట్టి ఆ కట్టుబాటు పెట్టింది నువ్వే కదా. కొట్టి తీసేయగలవా?

తమ్ముడు


ఇల్లు, వంటగది
దుప్పట్లు బయటికి తీసిన వారం

తమ్ముడూ,

పెట్టడమే తేలికైంది. అప్పుడు చావు మా వెనకే నిలబడి మాట్లాడించింది. ఇప్పుడు నేనొక్కదాన్నే కదా, తలుపు తీసినవాళ్లు ఏం అమ్ముతున్నానా అని చేతుల కేసి చూస్తారు.

దర్జీతో మొదలుపెట్టాను. "మా ఆవిడ ఓటూ నా ఓటూ ఒకటే వదినా. ఒకే మీట రెండుసార్లు నొక్కడానికి ఇద్దరెందుకు?" అన్నాడు.

లోపల్నించి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఒకటేనని నీకెవరు చెప్పారు?"

మిషను టక్కున ఆగిపోయింది. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ వీధిలో అడుగు పెట్టలేదు. ఆవిడ గొంతు విని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. దర్జీ గుమ్మం వైపు తిరిగి, "మరి నీదేంటి?" అన్నాడు. "చెప్పను" అంది. ఆ మనిషి మొహం చూడాలి నువ్వు!

నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. భోజనాల దగ్గర మా ఇంట్లోనూ అదే అయింది. మనం అందరం డాక్టరుగారికే కదా అన్నాను. అందులో అడగాల్సిందేముందని నా ఉద్దేశం. నర్సమ్మని ఇంటింటికీ పంపింది ఆయనే, కట్టుబాటు ఆలోచన ఆయనదే.

"నేను లారీల ఆయనకి" అన్నారు అత్తగారు.

చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. "అదేంటత్తయ్యా, మనం బతికున్నామంటే డాక్టరుగారి వల్ల కాదూ?"

"అవును. అందుకు ఆయనకి దణ్ణం పెడతాను. మీ మామగారిని ఆస్పత్రి నుంచి తీసుకెళ్లడానికి ఎవరూ ముందుకి రాలేదు. ఈయన తన లారీ తెచ్చాడు. ఎక్కించేటప్పుడు తల కింద తువ్వాలు మడిచి పెట్టాడని నువ్వే కదా వచ్చి చెప్పావు. నువ్వు చెప్పి మర్చిపోయావు. నేను రోజూ తల్చుకుంటున్నా."

చిన్నది మధ్యలో దూరింది. "ఇద్దరూ జ్వరం పేరు చెప్పుకునే తిరుగుతున్నారు. కాలేజీకి బస్సు వేయిస్తానంటున్నది సైకిలు షాపు ఆయనొక్కడే. నేను ఆయనకి." "ఆయన గెలిచినట్టే!" అన్నాను. "గెలవకపోతే పోనీ" అంది. మీ బావని అడిగితే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని "రహస్యం" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఈయనకి ఒక రహస్యం ఉండటం ఇదే మొదలు.

కానీ తమ్ముడూ, గిన్నెలు కడుగుతుంటే నా చేతులు ఆగిపోయాయి. నేను తలుపులు కొట్టకపోతే చలికాలంలోనూ బయటిమనుషులమే వెళ్తాం. మేమంతా డాక్టరుగారి మాట మీద తిరిగినవాళ్లం, ఆయనకే వేస్తాం. ఆయన గెలుస్తారు. కొడితే లోపలున్నవాళ్లు వస్తారు. లోపల కూర్చున్నవాళ్లకి ఆ రోజులు మాకు కనిపించినట్టు కనిపించలేదు. వాళ్లు ఎవరికి వేస్తారో నాకేం తెలుసు? మళ్లీ అలాంటి జ్వరమే వస్తే ఆ కుర్చీలో ఎవరుండాలి, డాక్టరా, లారీలు తోలే మనిషా? కొట్టకపోతే అత్తగారి బూత్ పోతుంది. కొడితే నా మనిషి పోతాడేమో.

దీనికి మీ ఆఫీసులో ఏమైనా నియమం ఉందా?

అక్క


ఎన్నికల కార్యాలయం

అక్కా,

లేదు. ఉన్నా నీకు చెప్పేవాణ్ణి కాదు. ఒక్కటి మాత్రం అడగాలనుంది. మూలింటి దాకా వెళ్లావా, దర్జీ దగ్గరే ఆగిపోయావా?

తమ్ముడు


ఇల్లు, వీధిగుమ్మం మెట్ల మీద
ఓట్లు లెక్కపెట్టిన రోజు

తమ్ముడూ,

మూలింటి దాకా వెళ్లాను. తిరిగివచ్చి, మొదటిసారి తలుపు తీయనివాళ్ల తలుపులు మళ్లీ కొట్టాను. ఎవరికి వేయాలో ఎక్కడా అనలేదు. డాక్టరుగారి పేరు నాలుక చివరి దాకా వచ్చిన మాట నిజం, మింగేశాను. ఇంటికొకరు అనేది అయిపోయింది, మీ ఇంట్లో ఎందరుంటే అందరూ రావచ్చు, ఇంతే చెప్పాను. మంచాలు అల్లే ఆయన, "ఈ ముక్క చెప్పడానికి ఇంతకాలమా?" అన్నాడు. "మీరెందుకు అడగలేదు?" అన్నాను. "మీరు చెబుతారని" అన్నాడు.

ఓటు రోజు మంచు దట్టంగా ఉంది. అత్తగారు ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చిన్నదాని భుజం పట్టుకుని బడి దాకా నడిచారు. మధ్యలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చున్నారు. ఆ అరుగులవాళ్లు "ఎన్నాళ్లకి కనబడ్డారండీ!" అని బయటికొచ్చి, మాటల్లో పడి వాళ్లూ మాతో నడిచారు. బడి దగ్గర పోలీసాయన, "పెద్దావిడ, ముందుకి రండమ్మా" అని దారి ఇచ్చాడు.

"నాకేం తొందర లేదు నాయనా. నేను వరసలో నిలబడటానికే వచ్చాను" అన్నారు.

దర్జీ భార్య గేటు దాకా వచ్చి ఆగిపోయింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకోబోతే టీచరమ్మ నన్ను ఆపింది. దర్జీ భార్య వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది. వెంట పోవాలో వరసలో ఉండాలో తెలియక దర్జీ కాళ్లు అటొకటి ఇటొకటి అయ్యాయి. ఎండ వచ్చాక, మేం ఇక రాదనుకున్నాక, ఒక్కతే వచ్చింది. మొగుడి కేసి చూడను కూడా చూడకుండా లోపలికి వెళ్లి వేసి వచ్చింది. ఇంతకీ ఎవరికి వేసిందో తెలియక దర్జీకి నిద్ర పట్టడం లేదు. నా జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపు కుట్టాడు.

సగం దాటిందని నువ్వు ఫోను చేశావు కదా, ఆ పూట వీధిలో అందరికీ చెప్పాను. బూత్ ఉంటుంది. మీ పెద్దసారు ఇప్పుడు జనానికి భయం పోయింది అని రాసుకుంటారేమో. రాసుకోనీ.

డాక్టరుగారు ఓడిపోయారు. మా బూత్‌లోనూ ఓడిపోయారు, ఎక్కువతో కాదు. బయటిమనుషులం మాత్రమే వెళ్లి ఉంటే ఇక్కడ గెలిచేవారు. ఆ మాట నాకు తెలుసు, నీకు తెలుసు. పొద్దున ఆయన ఆస్పత్రికి ఎప్పటిలాగే స్కూటరు మీద వెళ్తుంటే గుమ్మంలోంచి చూశాను.

సాయంత్రం లారీల ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. హారన్లకి కిటికీ అద్దాలు అదిరాయి. అత్తగారు శాలువా కప్పుకుని వచ్చి ఇక్కడ నా పక్కన, ఈ మెట్టు మీదే కూర్చున్నారు.

"నువ్వు వేసినాయన ఓడిపోయాడని బాధగా ఉందా?"

"ఉంది అత్తయ్యా."

"ఉంటుంది. ఆ వార్డు ఎన్నికలో నాకు ఓడిపోవడానికి కూడా లేకపోయింది."

అని, మోచేత్తో నన్ను పొడిచారు. "కాస్త జరుగు. లారీ కనబడటం లేదు."

జరిగాను.

అక్క